మ్యూనిక్ వసంతం, కాలినడక, యూరో లెక్క

మార్చిలో మ్యూనిక్ చేరిన ఒక విద్యార్థి ఇలా అడిగారు: "తరగతులు ఏప్రిల్ మధ్యకు గానీ మొదలుకావు. అంతవరకు ఊరంతా నడిచి చూడాలని ఉంది. ఇంట్లో అప్పు చేసి పంపారు కనుక, ఇలా తిరగడం దుబారా అవుతుందేమోనని సంకోచంగా ఉంది."

సంకోచం అక్కర్లేదు. నడకకు పైసా ఖర్చు కాదు, తెలియనితనానికే అవుతుంది. దానికి నేను 2010 వసంతంలో ఎంత చెల్లించుకున్నానో చెబుతాను. వీసా నిబంధనలు, పనిగంటల పరిమితి వంటివి మీ విశ్వవిద్యాలయ కార్యాలయంలో అడిగితే తెలుస్తాయి, వాటి జోలికి నేను పోను.

వచ్చిన రెండో వారంలోనే, ప్రయాణానికి కొన్ని గళ్ల చొప్పున వాడుకునే పది గళ్ల టికెట్టు ఒకటి కొని, దర్జాగా జేబులో పెట్టుకొని మెట్రో ఎక్కాను. మన ఆర్టీసీ బస్సులో టికెట్టు చేతిలో ఉంటే చాలు కదా! ఇక్కడ అది చాలదు; ప్రయాణానికి ముందే దాన్ని మడిచి, నీలం పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. మామూలు దుస్తుల్లో పక్కనే నిలబడిన మనిషి తనిఖీ అధికారి అని నాకు తెలిసేసరికి 40 యూరోల జరిమానా పడింది (ఇప్పుడది 60). అప్పట్లో యూరో సుమారు 60 రూపాయలు, అంటే 2,400. మన దేశంలో మా ఇంటి కింది వాటాకు నెలంతా వచ్చే అద్దె అంతే. ఆ ఉక్రోషంతో నెల రోజులు ఏ బండీ ఎక్కలేదు. నా నడక అలా మొదలైంది తప్ప, ప్రకృతి మీద ప్రేమతో కాదు.

నా గది ఊరికి ఉత్తరాన, స్టూడెంటెన్‌ష్టాట్ అనే విద్యార్థి వసతి గృహాల దగ్గర ఉండేది. అక్కడి నుంచి ఎంగ్లిషర్ గార్టెన్ అనే తోట గుండా దక్షిణానికి నడిస్తే గంటన్నరలో ఊరి నడిబొడ్డున ఉన్న కూడలి, మరీన్‌ప్లాట్స్ చేరవచ్చు. 1789లో మొదలైన ఈ తోట ఎంత పెద్దదంటే, దారిలో చెరువు, వాగులు, గొర్రెల మేతకు సరిపడే పచ్చికబయళ్లు వస్తాయి. ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం చెట్ల కింద నడుస్తుంటే, ఎవరో వెల్లుల్లి తాలింపు పెడుతున్నట్టు గుప్పున వాసన వచ్చింది. చుట్టూ చూస్తే ఇల్లే లేదు. నేలంతా పరుచుకున్న వెడల్పాటి ఆకులదే ఆ వాసన. దాన్ని బేర్లౌఖ్ అంటారు, అడవి వెల్లుల్లి. ఉచితంగా కూర దొరికిందని నేను సంబరపడి గుప్పెడు కోసుకున్నాను. అచ్చం అలాగే ఉండే విషపు ఆకు ఒకటి ఉందని తర్వాత తెలిసి, వండకుండా పారేశాను. మీరు వాసన చూసి ముందుకు సాగండి, అంతే.

ఇంకాస్త ముందుకు వెళితే మోనోప్టెరోస్ అనే గుండ్రటి స్తంభాల మండపం ఒక గుట్ట మీద కనిపిస్తుంది. అక్కడి నుంచి ఫ్రౌవెన్‌కిర్‌షె అనే చర్చి జంట గోపురాలు చూడడానికి ఎవరూ టికెట్టు అడగరు. ఎత్తు నుంచి ఊరంతా చూడాలంటే ఒలింపిక్ పార్కులోని గుట్ట ఎక్కండి. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన భవనాల శిథిలాలను పోగుపోసి చేసినది అది. వాన రోజైతే, అది కూడా ఆదివారమైతే, ఆల్టె పినకొటెక్ చిత్రశాలకు వెళ్లండి, ఆ రోజు ప్రవేశం ఒక్క యూరోయే.

వాన అన్నాను కనుక చెబుతున్నాను. ఏప్రిల్ తనకు తోచినట్టు చేస్తుందని జర్మన్ల సామెత. ఎండ చూసి పల్చటి చొక్కాతో బయల్దేరిన నన్ను మధ్యాహ్నం వడగళ్లు తరిమితే, ఒక కాఫీ దుకాణంలో దూరి గంటసేపు ఒకే కప్పును చప్పరించాను. కప్పు ఖరీదును 60తో గుణించుకుంటూ తాగినందువల్ల ఆ కాఫీ రుచి నాకు ఇప్పటికీ గుర్తు లేదు. కోటు వెంట ఉంచుకోండి. ఇక్కడి కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగవచ్చు, గదిలోనే సీసా నింపుకోండి. నేనైతే నీళ్లు కొని, అది గ్యాసు నీళ్లని ముఖం చిట్లించి, సీసాను చెత్తబుట్టలో వేసేవాణ్ని. ఖాళీ ప్లాస్టిక్ సీసా దుకాణంలో తిరిగి ఇస్తే 25 సెంట్లు వస్తాయని తెలిసిన రాత్రి, ఎన్ని పారేశానో లెక్క వేసుకుంటూ నిద్రపోలేదు. ఇప్పటి పిల్లలకు ఇవన్నీ ఫోనే చెబుతుందంటారు. అయినా నిరుడు మా ఇంటికి వచ్చిన కుర్రాడు కూడా సీసా చెత్తలోనే వేశాడు.

ఆదివారం దుకాణాలు మూతబడతాయి కనుక శనివారమే సరుకులు తెచ్చుకొని, మరునాడు పులిహోర కలుపుకొని వెళ్లండి. నా మొదటి వసంతమంతా అదే తోటలో చైనీస్ టవర్ అనే చెక్క గోపురం దగ్గర, ఆరుబయట బల్లలు వేసి బియరు అమ్మే బియర్ గార్డెన్ బయట గడ్డిలో కూర్చొని, లోపలి బల్లలను చూస్తూ స్టీలు డబ్బాలో తిన్నాను. లోపల కూర్చుంటే తిండి కూడా అక్కడే కొనాలనుకున్నాను. బవేరియా ఆచారం వేరు: గుడ్డ పరచని బల్లల దగ్గర ఎవరి తిండి వారు తెచ్చుకొని తినవచ్చు, పానీయం మాత్రం అక్కడ కొనాలి. బియరే కానక్కర్లేదు, ఆపిల్ రసం సోడా చాలు. మరుసటి ఏడాది ఒక పెద్దాయన సొంత బుట్టలోంచి ముల్లంగి, రొట్టె తీయడం చూశాక గానీ నాకు ధైర్యం రాలేదు.  నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చొని డబ్బా మూత తీయగానే ఆయన ఇంగువ వాసనకు తల తిప్పి చూసి, ఇదేమిటని అడిగారు. నేను ఒక చెంచాడు పెట్టాను, ఆయన ఒక ముల్లంగి ముక్క ఇచ్చారు.