పాఠకుల ప్రశ్నలు, జవాబులు: కడలిలో బూజు, కర్బనపు లెక్క

ప్రశ్న: మా ఊరు కోరింగ మడ అడవికి దగ్గర. పడవలో వెళ్తున్నప్పుడు నీళ్లలో కుళ్లుతున్న మడ ఆకుల మీద బూజు లాంటి జిగట పొర చూశాను. ఉప్పునీటిలో కూడా బూజు పడుతుందా? సముద్రంలోని ఇటువంటి జీవులకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో సంబంధం ఉందని చదివాను. అది ఎంతవరకు నిజం?
– ఒక పాఠకురాలు, తాళ్లరేవు

జవాబు: పడుతుంది. అటువంటి పొరలో సాధారణంగా బాక్టీరియా, డయాటమ్‌లు (గాజులాంటి కవచమున్న ఏకకణ నాచు), అసలు శిలీంధ్రాలు కలిసి ఉంటాయి. వాటి మధ్యనే శిలీంధ్రాలను పోలి ఉండి, శిలీంధ్రాలు కాని మరొక జాతి కూడా బతుకుతుంది. శాస్త్రజ్ఞులు వీటిని లాబిరింతులోమైసీట్లు అంటారు. వీటిలో సముద్రమంతటా ఎక్కువగా దొరికేవి థ్రాస్టోకైట్రిడ్లు. శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. వీటి కవచం మాత్రం గంధకంతో కూడిన చక్కెర పదార్థాల పలుచని పొలుసులతో ఏర్పడుతుంది. పైగా వీటి సంతానకణాలు పొడవులో తేడా ఉన్న రెండు కశాభాలతో (తోకల్లాంటి పోగులతో) ఈదుతూ వెళ్లి కొత్త ఆహారం మీద వాలతాయి. వంశవృక్షంలో ఇవి పుట్టగొడుగులకు చాలా దూరం. డయాటమ్‌లకు, గోధుమరంగు నాచుకు దగ్గర. మన రైతులు ద్రాక్ష తోటల్లో బూజు తెగులు అని పిలిచేదాన్ని కలిగించే జీవి కూడా శిలీంధ్రం కాదు, ఈ పెద్ద కుటుంబానికి చెందినదే. కంటికి బూజులా కనిపించేదంతా ఒకే జాతి కాదని గుర్తుంచుకోవడం మంచిది.

ఇవి తినే పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కణం అడుగున ఒకచోట నుంచి సన్నని జీవద్రవ్యపు పోగులు బయలుదేరి, వేళ్లలా చీలుతూ, కుళ్లుతున్న ఆకు లోపలికి చొచ్చుకుపోతాయి. ఆ పోగుల వల నుంచి ఎంజైములు ఊరి పదార్థాన్ని కరిగిస్తాయి. కరిగినది అదే వల ద్వారా కణంలోకి చేరుతుంది. బాక్టీరియాలో ఎక్కువ భాగం పైపైనే పనిచేస్తుండగా ఇవి లోపలి పొరలను చేరుకోగలవు. చనిపోయిన నాచు, మడ ఆకులు, నదులు తెచ్చే పుప్పొడి వంటి గట్టి పదార్థాల మీద ఇవి కుదురుకోవడానికి ఇదే కారణం. పరిశోధకులు ఇప్పటికీ సముద్రపు నీటిలో పైన్ చెట్టు పుప్పొడి చల్లి, దాన్ని ఎరగా పెట్టి వీటిని పట్టుకుంటారు.

కర్బనంతో సంబంధం గురించి మీరు చదివినది నిజమే. ఆ సంగతి తరువాతి ప్రశ్నలో వివరంగా వస్తుంది.

ప్రశ్న: కుళ్లబెట్టే జీవి ఏదైనా ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్‌నే వదులుతుంది కదా? అప్పుడు ఈ సూక్ష్మజీవులు భూతాపం విషయంలో హాని చేస్తున్నట్లా, మేలు చేస్తున్నట్లా? సముద్రంలో లెక్కలేనన్ని బాక్టీరియా ఉండగా వీటిని పట్టించుకోవలసిన అవసరం ఏమిటి?
– జీవశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే తలలు లెక్కపెట్టే అలవాటు వల్లనే ఈ జీవులు చాలాకాలం శాస్త్రజ్ఞుల కంటికి ఆనలేదు. బాక్టీరియా కణం వ్యాసం అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుందాం. థ్రాస్టోకైట్రిడ్ కణం పది మైక్రాన్లు ఉందనుకుందాం. వ్యాసంలో ఇరవై రెట్లు అంటే ఘనపరిమాణంలో 8,000 రెట్లు. కాబట్టి ఎనిమిది వేల బాక్టీరియాకు ఒక్కటి చొప్పున ఉన్నా, రెండింటి బరువు ఇంచుమించు సమానమవుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన శేషగిరి రఘుకుమార్, జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్‌స్టెన్ షౌమన్‌తో కలిసి 1993లో వీటికి రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద నేరుగా లెక్కించే పద్ధతిని ప్రచురించారు. ఆ తరువాత అరేబియా సముద్రంలో జరిపిన పరిశీలనల్లో కొన్ని కాలాల్లో, కొన్ని లోతుల్లో వీటి జీవరాశి (అన్ని కణాల మొత్తం బరువు) బాక్టీరియాతో పోల్చదగినంత ఉన్నట్లు తేలింది. మన దేశంలో, మన సముద్రం మీద జరిగిన ఈ పనికి రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

ఇక కర్బనం సంగతి. సముద్రపు వృక్ష ప్లవకాలు (నీటిలో తేలియాడుతూ ఎండతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు) ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల కర్బనాన్ని ఆహారంగా మారుస్తాయి. దానిలో చాలా భాగం పై నీటిలోనే తినబడి, మళ్లీ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మిగిలినది చచ్చిన ప్లవకాలు, జీవుల మలం, జిగట పదార్థాలు ముద్దలుగా అతుక్కొని తెల్లని తునకలుగా కిందికి రాలుతుంది. దీన్ని సముద్ర హిమం అంటారు. బంగాళాఖాతంలో నదులు తెచ్చే ఒండ్రు ఈ తునకలకు అంటుకొని బరువునిస్తుంది కాబట్టి అవి త్వరగా మునుగుతాయి. ఏ తునక ఏ లోతు వరకు చేరుతుందన్నదే అసలు లెక్క. రెండు వందల మీటర్ల లోతులో విడుదలైన కార్బన్ డయాక్సైడ్ చాలాచోట్ల కొన్నేళ్లలోనే పైకి రావచ్చు; రెండు వేల మీటర్ల లోతులో విడుదలైనది మళ్లీ గాలిని చేరడానికి శతాబ్దాలు పడుతుంది.

కనుక ఈ జీవులు హాని చేస్తాయా, మేలు చేస్తాయా అన్న ప్రశ్నకు ఎక్కడ తింటున్నాయన్నది తేల్చకుండా జవాబు చెప్పలేము. పై నీటిలో తునకను తినేస్తే కర్బనం గాలికి దగ్గరగానే మిగిలిపోతుంది. లోతులో తింటే, వదిలిన వాయువు కూడా అక్కడే చిక్కుకుంటుంది. సముద్ర శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ బోచ్‌డాన్‌స్కీ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో కీలకమైనది. వెయ్యి మీటర్లకు దిగువన సేకరించిన సముద్ర హిమం తునకల మీద జీవరాశిలో పైచేయి బాక్టీరియాది కాదని, శిలీంధ్రాలు, లాబిరింతులోమైసీట్లదేనని వారు చూపారు. చీకటిలో, చలిలో, పైనున్న జీవులు తినగా మిగిలిన గట్టి పదార్థాన్ని విప్పే పనిలో వీటికి పెద్ద వాటా ఉందని దీన్నిబట్టి అనుకోవచ్చు. లోతు సముద్రపు కర్బనాన్ని బాక్టీరియా ఊపిరితోనే లెక్కగట్టే పద్ధతి ఇక సరిపోదు.

ఇవి తిన్నదంతా ఊపిరిగానే పోదు. కొంత వాటి ఒంట్లో కొవ్వుగా నిలిచి, వాటిని తినే చిన్న జంతువులకు, ఆపై చేపలకు చేరుతుంది. ఆ కర్బనం ఆహారపు గొలుసులో మరో మెట్టు ఎక్కినట్లే.

ప్రశ్న: పసిపిల్లల పాలపొడి డబ్బా మీద నాచు నుంచి తీసిన డీహెచ్ఏ అని ఉంది. ఇది నాచేనా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: డీహెచ్ఏ అంటే ఒమేగా-3 రకానికి చెందిన ఒక కొవ్వు ఆమ్లం. కొన్ని సందర్భాల్లో అది పైన చెప్పుకున్న థ్రాస్టోకైట్రిడ్లలోని షైజోకైట్రియం అనే జీవి నుంచి తీసినదే. ఆకుపచ్చదనం లేని, కిరణజన్య సంయోగక్రియ చేయని ఈ జీవిని పెద్ద తొట్లలో చక్కెర పెట్టి పెంచుతారు. అందువల్ల నాచు అన్న మాట వ్యాపారపు వాడుకే గాని శాస్త్రపరంగా సరికాదు. చేపల్లో ఉండే డీహెచ్ఏలో ఎక్కువ భాగం వాటి సొంత తయారీ కాదు, ఇటువంటి సూక్ష్మజీవులు తయారు చేయగా ఆహారం ద్వారా చేరినదే.