రోడ్డు పక్కన మట్టి పరీక్షల ఉద్యోగం: అబ్బాయిని మానిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ డిప్లొమా చేసి, మట్టి పరీక్షల కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌గా చేరాడు. మొన్న మద్దిలపాలెం దగ్గర బస్సులోంచి చూశాను. హైవే పక్కనే బోరు వేయిస్తున్నాడు, లారీలు వాళ్లను రాసుకుంటూ పోతున్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మానిపించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామని ఆయనా నేనూ అనుకుంటున్నాం. ఏది మంచిది? – ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా, లోపల ఉన్న టెన్షన్ వాడు సాయంత్రం క్షేమంగా ఇంటికొస్తాడా అని. ముందు దానికే చెబుతాను. మీ భయం ఉత్తది కాదు.

రోడ్డు పక్కన బోరు దగ్గర పెద్ద ప్రమాదం వాహనాలతోనే. మట్టి ఎంత గట్టిగా ఉందో తెలుసుకోవడానికి 63.5 కిలోల హామర్‌ను 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం ఒక్కో 15 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టాలి. ఆ లెక్కలో మునిగినవాడికి వెనక వచ్చే లారీ వినిపించదు. అందుకే చాలా ముందు నుంచే హెచ్చరిక బోర్డులు, బళ్లను పక్కకు మళ్లించేలా ఏటవాలుగా కోన్లు, జెండా పట్టుకుని ఒక మనిషి, బళ్లు వచ్చే వైపు అడ్డుగా కంపెనీ వాహనం ఉండాలి. ఇవేవీ లేకుండా మెరిసే జాకెట్ ఒక్కటే కాపాడదు.

కాళ్ల కింద ఇంకో ప్రమాదం ఉంది. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మన విశాఖలో చాలాచోట్ల కరెంటు కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. పైన స్తంభం లేదు కదా అని బోరు దించేస్తే ప్రాణం మీదికొస్తుంది. ముందు కరెంటు, నీళ్లు, టెలిఫోన్, గ్యాస్ వాళ్ల దగ్గర మ్యాపులు తీసుకోవాలి. ఆ తర్వాత మీటరున్నర లోతు వరకు చేత్తో నెమ్మదిగా తవ్వి చూసుకోవాలి. హామర్‌ను వేలాడదీసే మూడు కాళ్ల స్టాండ్ (ట్రైపాడ్) నిలబెట్టే ముందు తలెత్తి తీగలు చూడాలి. తిరిగే రాడ్ దగ్గర మెడలో తువ్వాలు ఉండకూడదు.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అనాలి. మీ ప్రశ్నలో మీ అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. పక్కన తాడు లాగుతున్న కూలీలు కూడా మీకు కనిపించే ఉంటారు. వాళ్ల తల మీద హెల్మెట్ ఉందా? అక్కడ సూపర్‌వైజర్ మీ వాడే. మానిపించాలని ఇద్దరూ ఇంట్లో కూర్చుని అనుకున్నారు గానీ, "మీ సైట్లో కోన్లు ఎందుకు లేవురా?" అని వాడిని ఒక్కసారైనా అడిగారా? జాగ్రత్తలు లేకపోతే పని ఆపెయ్, ఆపినందుకు ఉద్యోగం పోతే పోనీ, మేమున్నాం అని చెప్పారా? ఆ వయసు కుర్రాడు మేనేజర్‌కు ఎదురు చెప్పాలంటే ఇంటి నుంచి ఆ ధైర్యం రావాలి.

ఇక డేటా సైన్స్. నా అనుమానాలు దాచను. ఆ విద్య మీద కాదు, మూడు నెలల్లో నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామనే బోర్డుల మీద. లెక్కలు, స్టాటిస్టిక్స్ ఇష్టంగా చదివినవాడికి అది మంచి దారే. మీ వాడికి ఆ ఇష్టం ఉందని మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇంట్లోవాళ్ల భయం కోసం చేరినవాడు ఎన్నాళ్లు కూర్చుంటాడు? అప్పు చేసి ఫీజు కట్టి, సర్టిఫికెట్ పట్టుకుని ఏడాది తిరిగిన సివిల్ పిల్లలు నా దగ్గరికి వచ్చారు. చివరికి మళ్లీ సైట్‌కే వెళ్లారు, తోటివాళ్ల కంటే ఏడాది వెనకబడి.

మీ అబ్బాయి పని చిన్నదేం కాదు. పోర్టు వైపు మెత్తటి బంకమన్ను, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, కొండల కింద ఖోండలైట్ రాయి. ఇలాంటి ఊళ్లో ఏ ఫ్లైఓవర్ స్తంభమైనా ముందు ఆ బోరు లెక్క మీదే ఆధారపడాలి. డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ పరీక్షతో బీటెక్, ఆపైన మట్టి, పునాదుల చదువైన జియోటెక్నికల్‌లో ఎంటెక్ చేస్తే ఈ అనుభవం ఎక్కడికీ పోదు.

ఈ ఆదివారం వాడితో కూర్చోండి. కోన్లు, జెండా మనిషి, చేత్తో తవ్వే గొయ్యి, కూలీలతో సహా అందరికీ హెల్మెట్లు, ఈఎస్ఐ లేదా ప్రమాద బీమా, ఇవన్నీ కంపెనీని రాతపూర్వకంగా అడగమనండి. ఇస్తే కొనసాగనివ్వండి. విసుక్కుంటే మానిపించండి, మట్టి పరీక్షలు చేసే ఇంకో కంపెనీ చూసుకుంటాడు.