పాత హైబ్రిడ్ కారు కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా హైబ్రిడ్ కార్ల గురించే, అంటే పెట్రోల్ ఇంజనుతో పాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ ఉన్న కార్లు. కొత్తది కొనే స్థోమత లేక సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నవాళ్లే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఆరింటికి జవాబులు ఇస్తున్నాం.

ఆటో కన్సల్టెన్సీలో 2019 సియాజ్ పెట్రోల్ చూపించి, "ఇది హైబ్రిడ్ సార్, లీటరుకు పాతిక ఇస్తది" అంటున్నారు. నా దగ్గర ఆరున్నర లక్షలున్నాయి. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

కారు తీసుకోవచ్చు. హైబ్రిడ్ అన్న మాటకు మాత్రం పైసా ఎక్కువ ఇవ్వకండి. సియాజ్, ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 లాంటి వాటి మీద కనిపించే 'స్మార్ట్ హైబ్రిడ్' అంటే ఇంజనుకు బెల్టుతో తగిలించిన చిన్న మోటారు, ముందు సీటు కింద ఓ చిన్న లిథియం బ్యాటరీ. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగితే మళ్లీ చప్పుడు లేకుండా లేపడం, పికప్‌లో కొంచెం సాయపడటం, అంతవరకే దాని పని. ఒక్క మీటరు దూరం కూడా అది కారును సొంతంగా లాగలేదు. ఆ సియాజ్ మాన్యువల్‌కు కంపెనీ చెప్పిన లెక్కే 21.56 కిలోమీటర్లు. పాతిక ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవాళ్లనే అడగాలి.

ఇంజను ఆపి మోటారుతోనే కదిలే అసలు హైబ్రిడ్లు మన దగ్గర కొన్నే. 2013 నుంచి క్యామ్రీ హైబ్రిడ్, 2022లో హోండా సిటీ ఇ:హెచ్‌ఈవీ, అదే ఏడు టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఆ తర్వాత ఇన్నోవా హైక్రాస్, ఇన్విక్టో. ఇందులో హైరైడర్, గ్రాండ్ విటారాలతోనే మోసపోయేది. రెండింటిలోనూ స్మార్ట్ హైబ్రిడ్ మోడల్ ఉంది, అసలు హైబ్రిడ్ మోడల్ కూడా ఉంది. బయటి నుంచి చూస్తే తేడా అంత తొందరగా పట్టుబడదు. అందుకే ఆర్సీ తెరిచి చూడండి. 1462 సీసీ, 4 సిలిండర్లు అని ఉంటే స్మార్ట్. 1490 సీసీ, 3 సిలిండర్లు అని ఉంటే అసలుది. ఇంధనం గడిలో 'పెట్రోల్/హైబ్రిడ్' అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, స్మార్ట్ వాటికీ అలాగే రాస్తారు.

ఆరున్నర లక్షల్లో 2022 తర్వాతి అసలు హైబ్రిడ్ ఎవరైనా ఇస్తానంటే సంతోషించకండి, అనుమానించండి. సియాజ్‌నే మామూలు పెట్రోల్ కారుగా బేరం చేసి తీసుకోండి. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తాను ఆగి లేస్తోందా, మోటారు బెల్టు పగుళ్లు బారిందా చూసుకుంటే హైబ్రిడ్ భాగం వరకు చాలు.

వర్ధన్నపేట వైపు నుంచి రోజూ హన్మకొండకు వచ్చిపోతాను, రానూపోనూ 65 కిలోమీటర్లు. హైబ్రిడ్ నాకు గిట్టుబాటవుతుందా?
– ఒక టీచర్

ఏడాదికి 280 రోజులనుకుంటే 18,200 కిలోమీటర్లు. లీటరు రూ.108 చొప్పున, 15 ఇచ్చే మామూలు ఆటోమేటిక్‌కు రూ.1,31,000 పెట్రోలు అవుతుంది. 21 ఇచ్చే హైబ్రిడ్‌కు రూ.93,600. మిగిలేది ఏడాదికి రూ.37,400. అదే కారు మామూలు మోడల్ కంటే హైబ్రిడ్ 3 లక్షలు ఎక్కువ చెబుతుంటే అసలు రాబట్టుకోవడానికి ఎనిమిదేళ్లు. తేడా లక్షన్నరకు దిగితే నాలుగేళ్లు. బేరం ఎక్కడ ఆపాలో ఈ లెక్కే చెబుతుంది.

కంపెనీ చెప్పే 27, 28 కిలోమీటర్లను లెక్కలోకి తీసుకోకండి. పైగా హైబ్రిడ్ లాభమంతా ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తిని మోటారు పట్టి బ్యాటరీలో దాస్తుంది. హన్మకొండ చౌరస్తాలో అది పనికొస్తుంది. హైవే మీద 90లో ఒకే పట్టున పోయేవాళ్లకు బ్రేకే పడదు, దాచడానికీ ఏమీ ఉండదు. మీ దారిలో సగానికి పైగా ఊరి ట్రాఫిక్ అయితేనే ముందుకెళ్లండి. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లకైతే హైబ్రిడ్ వద్దనే చెబుతాం.

గ్రాండ్ విటారా హైబ్రిడ్ చూశాం, 2022 చివరిది, 70 వేలు తిరిగింది. బ్యాటరీ బాగుందో లేదో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? మాది బొగ్గు దుమ్ము ఊరు కూడా.
– ఒక సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

ముందు కాగితం. ఈ కార్ల హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మీరు చూసిన బండికి 2030 దాకా ఉండాలి. కానీ "ఉండాలి" వేరు, "ఉంది" వేరు. ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లి వారంటీ ఇంకా నడుస్తోందా, సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే జరిగాయా, యాక్సిడెంట్ రిపేర్ నమోదైందా అని అడగండి. ప్రతి సర్వీసులో కిలోమీటర్లు రాసి ఉంటాయి కాబట్టి మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

తర్వాత బండి. పొద్దున్నే వెళ్లండి, రాత్రంతా నిలిచి ఉన్న బండినే చూడండి. బోనెట్ మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపు తిప్పిపెట్టారన్నమాట. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే 'రెడీ' దీపం రావాలి. ఇంజను చప్పుడు రాకపోవచ్చు, కంగారు పడొద్దు. దీపం రాకుండా తెర నిండా హెచ్చరికలు వస్తే చాలాసార్లు తప్పు పెద్ద బ్యాటరీది కాదు, మామూలు 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. అది కొన్ని వేలతో పోయే పని. ఈ సంగతి తెలియక భయపడి బండి తక్కువకు వదిలించుకునే ఓనర్లూ ఉన్నారు.

ఏసీ పూర్తిగా పెట్టి బండిని పది నిమిషాలు నిలబెట్టండి. ఎనర్జీ తెర మీద బ్యాటరీ గీతలు మెల్లగా తగ్గాలి, కొంతసేపటికి ఇంజను లేచి నింపాలి, మళ్లీ ఆగాలి. గీతలు చూస్తుండగానే జారిపోయి, ఇంజను లేవగానే అంతే వేగంగా నిండిపోయి, ఇలా నిమిషానికోసారి జరుగుతుంటే బ్యాటరీలో పట్టు తగ్గినట్టు. ఆ తర్వాత ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కించి దింపండి. దిగేటప్పుడు ఛార్జి పెరగాలి. రివర్స్ గేరులో చిన్న ఎత్తు ఎక్కించండి, తడబడకూడదు.

దుమ్ము గురించి మీ అనుమానం సరైనదే. గాలితో చల్లబడే బ్యాటరీ ప్యాక్‌కు లోపలి ఫ్యాన్ కారు క్యాబిన్‌లోంచే ఓ జాలీ గుండా గాలి లాగుతుంది. ఆ జాలీ చోటు కారును బట్టి సీటు పక్కనో కిందో ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. దానికి బొగ్గు పొడి పట్టినా, కరీంనగర్ క్వారీల గ్రానైట్ దుమ్ము పట్టినా, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి నూగు పేరుకున్నా గాలి ఆడదు. అప్పుడు ప్యాక్ మధ్యలోని సెల్స్ అన్నింటికంటే ఎక్కువ వేడెక్కి ముందుగా నీరసిస్తాయి. వరసలో బలహీనమైన సెల్ ఎంత ఇస్తే మొత్తం ప్యాక్ అంతే ఇస్తుంది. కాబట్టి టార్చి వేసి జాలీ చూడండి. నల్లటి పొర మందంగా ఉంటే ఓనరు దాన్ని ఎన్నడూ తీయించలేదు. మీరు కొన్నాక ప్రతి సర్వీసులో శుభ్రం చేయించండి, ఆ జాలీకి బ్యాగులు, దుప్పట్లు అడ్డం పెట్టకండి.

చివరగా స్కానర్. సర్వీస్ సెంటర్‌లో హైబ్రిడ్ సిస్టం చెకప్ చేయించి ప్రింటు తీసుకోండి. ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివేది) పెట్టే మెకానిక్ దొరికితే ఒక్క అంకె తప్పక చూడమనండి: కోడ్‌లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? అక్కడ 12 అనో 20 అనో కనిపిస్తే, మీకు చూపించడానికి నిన్ననే ఎవరో హెచ్చరికలు తుడిచారు. కారణం సరిగ్గా చెప్పలేకపోతే ఆ బండి వదిలేయండి.

2014 క్యామ్రీ హైబ్రిడ్ చాలా చవగ్గా వస్తోంది. "చెడిన సెల్స్ మార్పించాం, ఇంకో అయిదేళ్లు ఢోకా లేదు" అంటున్నారు.
– ఒక వ్యాపారి, కరీంనగర్

ఈ మాట విన్న వెంటనే ధర ఇంకా తగ్గించి అడగాలి, లేదా లేచి రావాలి. ఆ కారులో నికెల్ బ్యాటరీ, 7.2 వోల్టుల మాడ్యూళ్లు (కొన్ని సెల్స్ కలిపిన పెట్టెలు) 34 ఉంటాయి. పదేళ్లు దాటిన ప్యాక్‌లో రెండు మూడు మాడ్యూళ్లు మార్చితే మిగతావి పాతవే. కొత్తవి, పాతవి ఒకే తీరున నిండవు, ఒకే తీరున ఖాళీ కావు. కొన్ని నెలలకు వాటి పక్కది పోతుంది. 'పి0ఏ80' అన్న కోడ్ తిరిగొచ్చిందంటే ప్యాక్ మార్చమని అర్థం. కొత్త ప్యాక్‌కు లక్షల్లో ఖర్చు. వారంటీ ఎప్పుడో అయిపోయింది.

అయినా మనసు పడితే, స్కానర్‌తో బ్లాకుల (రెండేసి మాడ్యూళ్ల జతల) వోల్టేజీని బండి నడుస్తుండగా చూడాలి, నిలబెట్టి కాదు. గట్టిగా ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు అన్నింటికంటే ఎక్కువున్న బ్లాకుకు, తక్కువున్న బ్లాకుకు తేడా 0.3 వోల్టుల లోపైతే మంచిది. 1 వోల్టు దాటితే ప్యాక్ ఖర్చు ధరలోంచి తీసేసి లెక్కేయండి. బోనెట్ కింద ఇన్వర్టర్‌కు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టెకు) వేరే కూలెంట్ డబ్బా ఉంటుంది, అందులో మట్టం తగ్గిందేమో చూడండి. నారింజ రంగు వైర్లు 200 వోల్టులకు పైన మోస్తాయి. హైబ్రిడ్ శిక్షణ లేని మెకానిక్‌ను వాటి జోలికి వెళ్లనివ్వొద్దు.

వరదలో మునిగిన బండా కాదా అని గుర్తుపట్టడం ఎలా?
– హన్మకొండ, హంటర్ రోడ్డు నుంచి ఇద్దరు

2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లో నిలిచిన నీళ్లు గుర్తున్నవాళ్లు ఈ ప్రశ్న అడగడం సబబే. సీటుబెల్టును చివరి దాకా బయటికి లాగండి, చివర్లో మట్టి మరక ఉంటుంది. డిక్కీలో చాప ఎత్తి మూలల్లో ఎండిన ఒండ్రు ఉందేమో చూడండి. సీటు కింది పట్టాల తుప్పు చూడండి. మామూలు కారులో వీటిని శుభ్రం చేసి సర్దుకోవచ్చు. హైబ్రిడ్‌లో కుదరదు, ఎందుకంటే చాలా మోడళ్లలో పెద్ద బ్యాటరీ ఉండేది డిక్కీ అడుగునే. తడి తగిలిన ప్యాక్ ఎండాకాలంలో బాగానే నడిచి, వానాకాలం రాగానే కరెంటు లీకు హెచ్చరికతో ఆగిపోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర పాత క్లెయిములు అడిగి తెలుసుకోండి. నీళ్లలో మునిగిందని తేలితే ఎంత చవకైనా వద్దు.

నాందేడ్‌లో సిటీ హైబ్రిడ్ ఇక్కడికంటే తక్కువకు దొరుకుతోంది. తెచ్చుకుంటే కాగితాల పని ఎంత?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

పని కంటే ఖర్చు ముందు లెక్కేసుకోండి. ఇక్కడికి తెచ్చాక తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి, బండి వయసును బట్టి అది తగ్గుతుంది. మహారాష్ట్రలో కట్టిన దాంట్లో మిగిలిన భాగం వాపసుకు అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి, అది ఆలస్యంగా వస్తుంది. ఈ పన్ను కలిపాక కూడా చవకేనా చూడండి.

అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తప్పనిసరి. లోన్ ఉంటే ముందు బ్యాంకు సంతకంతో ఫారం 35 వేసి ఆర్సీలో ఫైనాన్స్ తీయించాలి. అమ్మినట్టు ఫారం 29, పేరు మార్పుకు ఫారం 30, ఇక్కడి నంబరుకు ఫారం 27. పేరు మార్పు దరఖాస్తు కొన్న 30 రోజుల్లోపు పడాలి. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు బ్రోకర్ చేతిలో పెట్టి ఇంటికి రాకండి. చలాన్లన్నీ కట్టించాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే బీమా) దానంతట అదే మీకొస్తుంది కానీ, మార్పించకపోతే మీ కారుకు తగిలిన దెబ్బకు క్లెయిము రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అమ్మినవాడితోనే పోతుంది కనుక ప్రీమియంలో తేడా కట్టాల్సి రావచ్చు, దాన్నీ లెక్కలో వేసుకోండి.