సద్దణంగ: సద్గుణమా, నిశ్శబ్దమా?

సందేహం: క్రిస్మస్ ముందు రాత్రి గుడిలో 'శుద్ధరాత్రి' పాడుతుండగా, పక్కన నిలబడిన మా మనుమరాలు 'సద్గుణంగా నందరు నిద్రపోవ' అంది. దిద్దబోయి, ఆ మాటకు అర్థం నాకూ తెలియదని ఆగిపోయాను. ఇంట్లో ఉన్న రెండు కీర్తనల పుస్తకాల్లో ఒకదానిలో 'సద్ధణంగ' అనీ, రెండోదానిలో 'సద్దణంగ' అనీ ఉంది. ఏది సరి? హాయిగా 'నిశ్శబ్ద రాత్రి' అనకూడదా? ఇంకొకటి కూడా అడగాలి. ఈ ఏడు మా పెద్దబ్బాయి పోయాడు. అంతా ప్రశాంతంగా ఉందని పాడుతుంటే అబద్ధమాడుతున్నట్టు అనిపించింది.
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ మూడో ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉన్నదని నాకు తోస్తున్నది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

రూపం 'సద్దణంగ'. సంస్కృతంలోని శబ్దం ప్రాకృతంలో సద్దమై, మనకు సద్దు అయింది. శబ్దంలోని దకారానికి ఒత్తు పలుకు లేదు కాబట్టి సద్దులోకి అది రావడానికి దారి లేదు. ముందున్న 'శుద్ధ' పక్కవాడికి అంటించిన ధకారమే తప్ప, 'సద్ధణంగ'కు వేరే ఆధారం నాకు కనిపించదు. రెండో భాగం అణఁగు ధాతువు. 'అణంగన్' చివరి ద్రుతమే, అంటే ఆ నకారమే, 'అందఱు'ను 'నందఱు'గా చేసింది. సద్ది మూటకూ, సద్దలకూ ఈ సద్దుతో చుట్టరికం లేదు.

అణఁగు మాత్రం ఊరికే వదలవలసిన మాట కాదు. తమిళుల అడంగు, మన పాత అడఁగు, ఈ అణఁగు ఒకే కుదురులోనివి. వాన పడితే దుమ్ము అణుగుతుంది, ముద్ద పడితే ఆకలి అణుగుతుంది, దెబ్బ తగిలితే పొగరు అణుగుతుంది. అంతకు ముందు లేచి ఉన్నది మాత్రమే అణగగలదు. దుమ్మే లేవని నేలను చూసి దుమ్ము అణిగిందని ఎవరూ అనరు. నిశ్శబ్దానికీ సద్దణగడానికీ ఉన్న తేడా ఇదే: శబ్దం లేకపోవడం నిశ్శబ్దం, ఉన్న శబ్దం తగ్గి నేలకు దిగడం సద్దణగడం. ఈ కాలంలో 'అణగారిన', 'అణచివేత' తప్ప ఈ ధాతువు కుటుంబంలో మరొకరు మనకు గుర్తుకు రారు. అణచడానికి ఎదుట ఒకడు ఉండాలి, అణగడానికి అక్కరలేదు. 'అల్లర్లు సద్దుమణిగాయి' అని రోజూ రాసే పత్రికల వారికి ఆ మాటలో సద్దు ఒకటి ఉన్నదన్న ఎరుక ఉన్నట్టు కనిపించదు. ఇళ్లలోనైతే 'సద్దు చేయకు' పోయి 'సైలెంట్‌గా ఉండు' వచ్చి చాలా కాలమైంది. దాన్ని ఆపడం నా వల్ల కాదు.

ఇక ఈ పాట ఎక్కడిదో చూడాలి. 'సైలెంట్ నైట్' అనే ఇంగ్లీషు పాటలో మొదటి చరణం అంతా ప్రశాంతం, అంతా కాంతిమయం అని మొదలై తల్లినీ బిడ్డనూ చూపుతుంది. మన చరణం అలా లేదు:

శుద్ధరాత్రి! సద్దణంగ నందఱు నిద్రపోవ
శుద్ధ దంపతుల్ మేల్కొనగా

అందరూ నిద్రపోవడం, దంపతులు మాత్రమే మేలుకొని ఉండడం ఇంగ్లీషులో లేవు, జర్మన్ మూలంలో ఉన్నాయి. కనుక మన అనువాదకుడు జర్మన్ పాటను దగ్గర పెట్టుకొనే రాశాడని నేను నమ్ముతాను. మీ గుంటూరులో 1842లో లూథరన్ మిషను నెలకొల్పిన హయ్యర్ అనే మిషనరీ జర్మనీలో పుట్టినవాడే కాబట్టి, ఆ పాట ఈ నేలకు రావడంలో వింతేమీ లేదు. జర్మన్‌లో రాత్రికి రెండు విశేషణాలు, సద్దులేనిది, పవిత్రమైనది అని. రెండోది మనకు 'శుద్ధ' అయింది. మొదటిదాన్ని మరో విశేషణంగా పెట్టకుండా అనువాదకుడు క్రియగా మార్చాడు. అక్షరాలు కుదరక అలా చేశాడేమో చెప్పలేను గాని, చేసిన పని మాత్రం మూలం కంటె లోతుకు పోయింది.

ఎందుకంటే లూకా సువార్త రెండో అధ్యాయంలో ఆ రాత్రికి ముందున్నదంతా సద్దే. కైసరు ఔగుస్తు ఆజ్ఞతో జనసంఖ్య రాయించుకోవడానికి జనం ఎవరి ఊళ్లకు వాళ్లు బయలుదేరారు. బేత్లెహేము సత్రంలో చోటు లేక, పుట్టిన బిడ్డను పశువుల తొట్టిలో పండుకోబెట్టారు. ఆ రద్దీ అంతా అణిగిన తరువాతి గడియ మన పాట. ఆ తరువాత కూడా అంతా చల్లగా ఏమీ లేదు. మత్తయి రెండో అధ్యాయంలో హేరోదు పసిబిడ్డలను చంపించాక 'రామాలో అంగలార్పు వినబడెను' అని ఉన్నది. ముందు సద్దు, వెనుక అంగలార్పు, నడుమ ఒక రాత్రి. లోకమంతా ప్రశాంతంగా ఉన్నదని ఈ పాట ఎక్కడా అనలేదమ్మా. అందరూ పడుకున్నా ఇద్దరు మేలుకొని ఉన్నారని మాత్రం మొదటి చరణంలోనే చెప్పింది. బిడ్డ కోసం రాత్రి మేలుకోవడం ఎటువంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

పాట పుట్టిన కాలమూ అంత నెమ్మదైనది కాదు. యోసెఫ్ మోర్ అనే యువ క్యాథలిక్ గురువు దీన్ని 1816లో ఆస్ట్రియా కొండల్లోని మారియాప్‌ఫార్‌లో రాశాడు. నెపోలియను యుద్ధాలు అప్పుడే ముగిశాయి; 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలడంతో మరుసటి ఏడు యూరపులో ఎండకాలమే రాక పంటలు పోయాయి. ఆ ఏడే సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియా కిందికి వచ్చి, సాల్జాక్ నది సరిహద్దయి, లౌఫెన్ పట్టణం బవేరియాలో ఉండిపోగా దాని శివారు ఓబెర్న్‌డోర్ఫ్ ఇవతలి ఒడ్డున తెగిపోయింది. ఆ ఓబెర్న్‌డోర్ఫ్ గుడిలోనే 1818 డిసెంబరు 24న, బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ కట్టిన వరుసలో, ఒక గిటారు తోడుగా ఇద్దరూ దీన్ని మొదటిసారి పాడారు. మూలంలో ఆరు చరణాలు. నాలుగో చరణంలో యేసు లోకంలోని జాతులన్నిటినీ అన్నదమ్ముడిలా అక్కున చేర్చుకుంటాడు. సరిహద్దు గీత ఇంకా ఆరని ఊరిలో ఆ చరణం ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. మన పుస్తకాల్లో మూడు చరణాలే ఉన్నాయి, అది వాటిలో లేదు. నాకు అది తీరని లోటు.

రెండో చరణం 'శుద్ధరాత్రి! సద్దణంగ దూతల హల్లెలూయ' అని మొదలవుతుంది. సద్దు అణిగిందంటూనే హల్లెలూయ ఏమిటని తర్కించేవారున్నారు. సద్దు అణిగితేనే అది గొల్లవాండ్ర చెవిన పడిందని నా సమాధానం. సమాధానమంటే గుర్తొచ్చింది, ఆ దూతలు భూమి మీద మనుషులకు కోరినదీ 'సమాధానమే'; మన బైబిలులో ఆ మాటకు శాంతి అని అర్థం. ఈ శీర్షికలో నేనిచ్చే సరుకు అది కాదని ఒప్పుకుంటున్నాను.

మూడో చరణంలో 'నీ ముఖంబున ప్రేమలొల్కు' అని ఉంది. జర్మన్‌లో ప్రేమ నవ్వేది బిడ్డ నోటి నుంచి. సంస్కృతంలో ముఖానికి మొదటి అర్థం నోరే, ఆ పైన మొగం. అనువాదకుడు ఎరిగి వేసినా ఎరగక వేసినా మాట రెండు వైపులా నిలిచింది.

'శుద్ధ'కూ 'సద్దణగడానికీ' సంబంధమేమిటని మీరు అడగలేదు గాని, చెప్పకుండా ఉండలేను. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో యేసు తుపానును గద్దించినప్పుడు 'గాలి అణగి మిక్కిలి నిమ్మళమాయెను' అని మన బైబిలు అంటుంది. అక్కడా అదే ధాతువు. నిమ్మళాన్ని నిర్మలానికి తద్భవంగా చెప్తారు. మలినం లేనిదన్న మాట తెలుగులోకి వచ్చి అలజడి లేనిదయింది. బిందె అడుగున చిల్లగింజ అరగదీసి, ఏటి నీళ్లు పోసి ఉంచిన ఇళ్లలో పెరిగినవారికి ఇది వింతగా ఉండదు. బురద అణిగితే నీరు తేరుకుంటుంది, తేరిన నీరే శుద్ధం. బురద ఎక్కడికీ పోదు, అడుగునే ఉంటుంది. నీళ్లకు వాడిన ఆ 'తేరుకొను'నే మనం దుఃఖంలో ఉన్న మనిషికీ వాడతాము.

కాబట్టి 'నిశ్శబ్ద రాత్రి' అనవచ్చునా అంటే, వ్యాకరణం అడ్డు చెప్పదు, నేను మాత్రం మార్చను. గుడిలో అందరి చేతుల్లోనూ 'సద్ధణంగ' పుస్తకమే ఉంటే దానికోసం తగవు పడవద్దు, రాగంలో ఆ ఒత్తు ఎలాగూ కరిగిపోతుంది. మనుమరాలి 'సద్గుణంగా' మాత్రం దిద్దవలసిందే. 'సద్దు', 'అణంగ' అని విడదీసి రెండుసార్లు చెప్పించండి, మూడోసారి తనే కలిపేస్తుంది.