“ఆయన కంట పడకముందే ఈ చారలు పోవాలి”

హనుమకొండ నుంచి ఒక అమ్మాయి రాసింది. పేరు వేయొద్దంది. వయసు 25. భర్తకు గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగం. మొదటి కాన్పు కాబట్టి ఏడో నెల పడగానే గాజులు వేయించి తల్లిగారింటికి తీసుకొచ్చారు. కొన్నాళ్లుగా కడుపు మీద, నడుము పక్కన ఎర్రటి చారలు పడుతున్నాయట. రోజూ స్నానానికి ముందు వాళ్లమ్మ పడుకోబెట్టి కొబ్బరినూనె రాస్తూ, కొత్తవి ఎన్ని వచ్చాయో చూస్తూ, “మీ ఇద్దరిని కన్నా నా కడుపు మీద ఒక్క గీత లేదు, నీకేంది ఇట్ల” అంటుందట. సెలవు దొరికినప్పుడు భర్త వస్తే ఈ పిల్ల దుప్పటి కప్పుకుని కూర్చుంటోంది, బిడ్డ కదులుతోంది చూస్తానన్నా చెయ్యి పెట్టనివ్వట్లేదు. అడిగినవి రెండు: ఏం రాస్తే పోతాయి, కాన్పు అయ్యాక లేజర్ చేయించుకోవచ్చా అని. ఆఖర్న, సంతకానికి ముందు, ఒక మాట తగిలించింది. తొమ్మిదో తరగతి చదివే చెల్లెకు కూడా నడుము మీద, తొడల మీద ఇలాంటివే ఉన్నాయట, బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దగ్గరికి అందరూ పోతుంటే లంగా ఓణీ వేసుకోనని ఇంట్లోనే ఉండిపోయిందట, ఈమధ్య రాత్రి అన్నం కూడా మానేసిందట. “అది చిన్నపిల్ల, దానికి అవే పోతాయి” అని రాసింది.

బిడ్డా, నువ్వు అడిగిన వాటికి తొందరగా జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే నీ బాధ అక్కడ లేదు.

చారలు పోగొట్టే నూనె లేదు. చర్మం లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అని సన్నటి పోగులు ఉంటాయి, కడుపు తొందరగా పెరిగేటప్పుడు అవి సాగి తెగుతాయి, గర్భంతో ఉన్నప్పుడు మారే హార్మోన్లు వాటిని ఇంకొంచెం వదులు చేస్తాయి. పైన రాసింది ఆ లోపలికి పోయి తెగిన పోగులను అతికించదు. కొబ్బరినూనె రాసినా ఆలివ్ నూనె రాసినా, వందల రూపాయలు పోసి కోకో బటర్ కొన్నా, చర్మం పొడిబారకుండా ఉంటుంది, దురద తగ్గుతుంది, అంతవరకే. కడుపుతో ఉన్నవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లకు ఇవి వస్తాయి, ఎక్కువమందికి ఆరో నెల దాటాకే. ఎవరికి వస్తాయనేది చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. మీ అమ్మకు రాలేదంటే అది ఆమె ఒంటి తీరు, నీకు మీ బాపు వైపు నుంచి వచ్చి ఉండొచ్చు, మేనత్తలను అడిగి చూడు. గీక్కుంటే చారలు పడతాయని కూడా మీ ఇంట్లో అంటున్నారని రాశావు. గీకడం వల్ల చారలు పడవు, చర్మం చీరుకుపోతుంది, అందుకే గీకొద్దు. కానీ అరచేతుల్లో, అరికాళ్లలో దద్దు ఏమీ లేకుండా రాత్రిపూట విపరీతంగా దురద పెడితే మాత్రం నూనె రాసుకుంటూ కూర్చోకు, ఆ రోజే నిన్ను చూసే డాక్టరమ్మకు చెప్పు. కాలేయం పని తేడా వస్తే అలా అవుతుంది, రక్తపరీక్ష చేయాలి, అది బిడ్డకు సంబంధించిన విషయం. నీ ఫ్రెండ్ చెప్పిందని రాసిన రెటినాల్ సీరం, అంటే చర్మానికి రాసే విటమిన్ ఎ రకం మందు, కడుపుతో ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. లేజర్‌తో చారలు కొంత వెలిసిపోతాయి, పూర్తిగా పోవు, ఒక్కసారితో అయ్యే పనీ కాదు, డబ్బు గట్టిగా అవుతుంది. బిడ్డ పాలు మానేశాక కూడా నీకు కావాలనిపిస్తే, నీకే కావాలనిపిస్తే, అప్పుడు ఆలోచించు. ఈలోగా ఏడాది రెండేళ్లలో ఎరుపు తగ్గి అవే తెల్లబడతాయి.

మీ ఆయన సంగతికి వస్తాను. ఉత్తరం అంతా వెతికినా అతను అన్న మాట ఒక్కటి కనపడలేదు. అతను చూడనే లేదు కదా! చూడని మనిషి చూస్తే ఏమనుకుంటాడో అని భయపడి, షిఫ్టులు చేసుకుని బస్సెక్కి వచ్చినవాడికి కోడికూర పెట్టి, దుప్పటి చూపించి పంపిస్తున్నావు. “మగవాళ్ల కంట పడితే మనసు విరిగిపోతుంది” అని ఒకచోట రాశావు. ఆ మాట నీది కాదు. ఇంకోచోట రాశావు చూడు, ఎనిమిదో తరగతిలో నీ హాఫ్ శారీ ఫంక్షన్‌కు ముందు అమ్మ నిన్ను టైలర్ దగ్గరికి తీసుకుపోయి, “దీనికి నడుము మీద చారలు పడ్డయి, జాకెట్ కిందికి కుట్టు” అని నలుగురు ఆడవాళ్లు ఉండగా అందని. ఇన్నేళ్లయినా టైలర్ షాపులో ఎవరెవరు ఉన్నారో నీకు గుర్తుంది. పెళ్లి అయింది, కడుపు వచ్చింది, ఇప్పటికీ నీ ఒంటిని నువ్వు ఆమె కళ్లతోనే చూసుకుంటున్నావు. నీకు భర్తతో తగాదా లేదు, నీ తగాదా అమ్మతో. ఆమె ఎదుట నోరు తెరవలేక అతని ఎదుట దుప్పటి కప్పుకుంటున్నావు.

మీ అమ్మ చెడ్డదని నేను అనను. ఆ నూనె రాసే చేతిలో ప్రేమ ఉంది, పొద్దున్నే లేచి నీకు ఇష్టమైనవి వండిపెడుతోందని నువ్వే రాశావు. కానీ ప్రేమ ఉంటే చాలు, నోటికి హద్దు అక్కర్లేదని మన ఇళ్లలో ఒక లెక్క ఉంది, ఆ లెక్క నాకు ససేమిరా పడదు. ఇదే మాట మీ అత్తమ్మ అని ఉంటే ఏమయ్యేది? నువ్వు ఫోన్ చేసి ఏడ్చేదానివి, మీ అమ్మే మండిపడేది, నలుగురు పెద్దమనుషులు కూర్చునే దాకా పోయేది. తల్లి అంటే మాత్రం మన మంచికే అని మింగేస్తాం. ఆమె ఎందుకిలా తయారైంది, ఆమెను చిన్నప్పుడు ఎవరేమన్నారు, అవన్నీ తర్వాత తీరికగా అడుగు. కాన్పుకు పట్టుమని మూడు నెలలు లేవు, ఇప్పుడు అంత టైం లేదు.

ఇప్పుడే మాట్లాడమని ఎందుకు అంటున్నానంటే, కాన్పు అయ్యాక కనీసం మూడు నెలలు, ఐదో నెల దాకా ఉండమంటే ఐదో నెల దాకా, నువ్వు ఆ ఇంట్లోనే ఉంటావు. బిడ్డ బయటికి వచ్చిన మర్నాడే కడుపు లోపలికి పోదు. గర్భసంచి మామూలు సైజుకు రావడానికే ఆరు వారాలు పడుతుంది, పైన చర్మం వదులుగా వేలాడుతుంది, చారలు ఇప్పటికంటే బాగా కనపడతాయి. పచ్చి ఒళ్లు, నిద్ర ఉండదు, పాలు సరిపోతున్నాయో లేదో అని టెన్షన్, కారణం లేకుండా ఏడుపు వస్తుంది. ఆ ఏడుపు మొదటి రోజుల్లో చాలామందికి ఉండేదే, రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కు చెప్పాలి. అలాంటప్పుడు రోజూ వేడినీళ్లు పోస్తూ ఒక మనిషి నీ కడుపు చూసి నిట్టూరిస్తే నువ్వు తట్టుకోలేవు. ఇప్పుడైతే తట్టుకోగలవు, తిరిగి ఒక మాట అనగలవు.

రేపు నూనె గిన్నె తెచ్చినప్పుడు పడుకోకు. లేచి కూర్చుని చెప్పు. “అమ్మా, నూనె నేనే రాసుకుంట. నా కడుపు గురించి, చెల్లె ఒంటి గురించి ఇంక ఒక్క మాట కూడా వద్దు.” ఇంతే, దీనికి ముందు సంజాయిషీ పెట్టకు, తర్వాత క్షమాపణ చెప్పకు. ఆమె ఏడుస్తుంది. “నీ కోసమే కదా, పెద్దదానివైనవు, మొగుడు దొరికిండు” అంటుంది, ఒక పూట అలిగి అన్నం తినదు. తినకపోతే తినకపోనీ. మర్నాడు ఆమె వండింది తిను, చెకప్‌కు పోయేటప్పుడు వెంట రమ్మను, మామూలుగా ఉండు. మళ్లీ ఆ మాట ఎత్తితే లేచి ఇంకో గదిలోకి పో. అత్తగారింటికి వెళ్లిపోతానని మాత్రం బెదిరించకు, ఆ పని నువ్వు చేయవు, ఆమెకూ తెలుసు.

ఈసారి మీ ఆయన వచ్చినప్పుడు దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టు. ముందే చెప్పాలనిపిస్తే ఫోన్‌లో చెప్పు, చారలు పడ్డాయని. బిడ్డ తన్నినప్పుడు చెయ్యి పెట్టనివ్వు, అది అతని బిడ్డ కూడా. అతను చూసి ఏమైనా తప్పుగా అంటే నాకు మళ్లీ రాయి, అప్పుడు అతని సంగతి వేరే చూద్దాం.

ఇంక నువ్వు ఒక్క ముక్కలో తేల్చేసిన చెల్లె. నాకు నీకంటే ఆ పిల్ల గురించే ఎక్కువ దిగులుగా ఉంది. చారలు వాటంతట అవే వెలిసిపోతాయి, నిజమే, కానీ ఒక పిల్ల అన్నం మానేస్తే అది దానంతట అది పోయేది కాదు. ఆ వయసులో ఎముక, కండ ఒక్కసారిగా పెరుగుతాయి, ఆడపిల్లలకు తుంట్లు, తొడలు, ఛాతీ దగ్గర చర్మం సాగి చారలు పడతాయి. మగపిల్లలకూ వీపు కింద అడ్డంగా పడతాయి, గ్రౌండ్‌లో చొక్కా విప్పి ఆడేవాడి వీపు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తాయి. తిండి తగ్గిస్తే పడిన చారలు పోవు, ఒంట్లో రక్తం పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవాళ్లే తేలారు, ఇంక రాత్రి అన్నం మానేస్తే ఆ పిల్లకు ఏం మిగులుతుంది? నెలసరి సరిగ్గా వస్తోందా, కళ్లు తిరుగుతున్నాయా, తిన్నది కక్కేస్తోందా, పక్కన కూర్చుని అడుగు. బరువు గురించి ఒక్క మాట ఎత్తకుండా అడుగు. అక్క దుప్పటి కప్పుకుని కూర్చోవడం ఆ పిల్ల చూస్తూనే ఉంటుంది, అది కూడా గుర్తుపెట్టుకో.

అమ్మ ఎవరో చెబితే మెడికల్ షాపులో అడిగి తెచ్చి చెల్లె తొడలకు రాయిస్తున్న ట్యూబు పేరు రాశావు. మంచి పని చేశావు. అందులో ఉన్నది క్లోబెటసాల్, బాగా గట్టి స్టెరాయిడ్. పలచని చర్మం మీద వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడి కొత్త చారలు పడతాయి. చారలు పోవాలని చారలు తెచ్చే మందు రాస్తున్నారు! ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం కట్టడి చేసింది, అయినా అడిగితే ఇచ్చేస్తారు. చాలా రోజులుగా రాస్తుంటే ఎలా ఆపాలో చర్మం డాక్టర్ చెప్పాలి, ఈ వారంలోనే చూపించు. వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రిలో చూస్తారు, ఓపీ దగ్గర అంత జనంలో ఈ కడుపుతో నిలబడలేననుకుంటే బయట క్లినిక్‌లో ఎవరైనా లేడీ డాక్టర్‌ను చూసుకో. ట్యూబు చేతిలో పట్టుకుపో, అన్నం మానేసిన సంగతి కూడా అక్కడే చెప్పు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. లోపల చెల్లె డాక్టర్‌తో ఒక్కతే మాట్లాడతానంటే నువ్వు బయట కూర్చో. అమ్మను మాత్రం ఈ ఒక్కసారికి ఇంటి దగ్గరే ఉండమను.