ఆప్‌లో అరబిక్ నేర్చుకున్నా బేరూత్ వాళ్ల మెసేజ్‌లు అర్థం కాకపోతే

మీరు నేర్చుకున్నది ఫుస్‌హా: వార్తల, పుస్తకాల అరబిక్. మీ బేరూత్ సహోద్యోగులు చాట్‌లో రాసేది లెబనీస్ వాడుక భాష, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో. అందుకే నిఘంటువులో దొరకట్లేదు.

1. మధ్యలో వచ్చే అంకెలు అక్షరాలే. 3 అంటే ఐన్ అనే అరబిక్ అక్షరం, 7 అంటే గొంతులోంచి వచ్చే 'హ', 5 అంటే 'ఖ', 2 అంటే గొంతులో చిన్న ఆపు, హంజా.

2. అందరూ తప్పేది ఈ 2 దగ్గరే. రెండు చుక్కలుండే కాఫ్‌ను బేరూత్‌లో చాలా మాటల్లో పలకరు, ఆపుతో సరిపెడతారు. కహ్వా (కాఫీ) 'అహ్వే' అయింది, కల్బ్ (గుండె) 'అల్బ్' అయింది. కాబట్టి 2 ఉన్న మాటను ముందు హంజాతో వెతకండి. దొరక్కపోతే అదే చోట కాఫ్ పెట్టండి. మాట మొదట్లో ఆ 2ను రాయకుండా వదిలేస్తారు కూడా, అచ్చుతో మొదలయ్యే మాటలకూ ఇదే చిట్కా. (లెబనాన్‌లోని షూఫ్ కొండల్లో ఉండే ద్రూజ్ మతవర్గం వాళ్లు మాత్రం కాఫ్‌ను నిండుగా పలుకుతారు.)

3. క్రియ ముందు 'బ' కనిపిస్తే తీసేసి వెతకండి: బెక్తుబ్, రాస్తాను. 'బద్ది' (నాకు కావాలి), 'రహ్' (భవిష్యత్ కాలాన్ని సూచించే మాట) తర్వాత ఆ 'బ' రాదు: బద్ది ఎక్తుబ్.

4. షూ అంటే ఏమిటి. హల్లా అంటే ఇప్పుడు. దాని చివరా 2 ఉంటుంది.