మన గోదావరి జిల్లాల్లో పగడపు దిబ్బలే లేవు కదా, ఆ దిబ్బల దగ్గరి జీవుల్ని కాపాడితే మనకేంటి?

లేవన్న మాట నిజమే. గోదారి పాయలు కలిసేచోట అంతా బురద, మంచినీళ్ళు, వరదొస్తే సముద్రం చాలా దూరం ఎర్రగానే ఉంటది. పగడం జంతువే గానీ దాని ఒంట్లో సన్నటి నాచు ఉంటది, ఆ నాచుకి ఎండ తగిలితేనే దీనికి చాలావరకు తిండి. అందుకే నీళ్ళు తేటగా ఉండే అండమాన్, లక్షద్వీప్, రామేశ్వరం వైపు బాగా పెరుగుతాయి.

అయితే మనకేంటి అనేది మాత్రం ఒప్పుకోనండి. మాది అంతర్వేది దగ్గర. ఏటా గుడ్లు పెట్టే సీజన్లో ఒడ్డున చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు కనపడతాయి, తాబేలుకి ఊపిరితిత్తులు కదా, వల్లో ఇరుక్కుంటే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోద్ది. తాబేలు తప్పించుకునే చట్రం ట్రాల్ వలకి పెట్టమంటే మా చిన్నాన్న "చేపలూ పోతాయిరా, డీజిల్ ఎవడిస్తాడు" అంటాడు, ఆయన బాధా అబద్ధం కాదు. పగడాల దగ్గర తిరిగే హాక్స్‌బిల్ తాబేలుకీ వలల బాధ ఉంది, పైగా డిప్ప అందంగా ఉంటదని దువ్వెనలకీ గాజులకీ చంపి చంపి ఇప్పుడు అది పూర్తిగా అంతరించే దశకొచ్చింది.

పోర్ట్ బ్లెయిర్‌లో మా పెద్దమ్మ కొడుకు ఉంటాడు (అక్కడ మన శ్రీకాకుళం జనం బోలెడు), నార్త్ బేలో అడుగున అద్దం ఉన్న బోటు ఎక్కించాడు. రంగులు చూద్దామని వంగి కూర్చుంటే చాలాచోట్ల తెల్లగా బూడిదగా ఉంది. నీళ్ళు వేడెక్కితే పగడం ఆ నాచుని కక్కేసి తెల్లబడిపోద్ది, త్వరగా చల్లబడితే కోలుకుంటది, లేదంటే ఆకలికి చస్తది. ప్రపంచమంతా ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్లో నాలుగోసారి ప్రకటించారు.

అసలు పాయింటు ఇక్కడుంది. చచ్చిన పగడం మీద బయటి నాచు (లోపలుండేది కాదు, వేరేది) పరుచుకుంటే కొత్త పగడపు పిల్ల అంటుకోదు. చిలక చేపలు ఆ నాచుని గీక్కు తింటాయి, హాక్స్‌బిల్ పగడాల చోటు లాక్కునే స్పాంజిల్ని తింటది, సముద్రపు దోసకాయ (కాయ కాదు, దోసకాయలా ఉండే మెత్తటి జీవి) ఇసక మింగి అందులో కుళ్ళు తినేసి శుభ్రమైన ఇసక వదుల్తది. వీటిని పట్టేసుకుంటే రేపు నీళ్ళు చల్లబడినా దిబ్బ లేవడం కష్టం. దోసకాయని మనోళ్ళు తినరు గానీ ఎండబెట్టి చైనా వైపు పంపితే మంచి రేటు, అందుకే దొంగరవాణా. ఇంకో చిక్కేంటంటే అవి గుడ్లూ వీర్యమూ నీళ్ళలోకే వదుల్తాయి, దగ్గర దగ్గరగా లేకపోతే కలవవు, అంటే కొన్ని మిగిలినా సంతానం ఉండదు. 2001లో వీటినీ సముద్ర గుర్రాల్నీ వన్యప్రాణి చట్టంలో చేర్చారు.

మన చేతిలో ఉన్నది చిన్నదే. టూరుకెళ్ళినప్పుడు షాపులో తెల్ల పగడం ముక్క షోకేసుకి బాగుంటదని కొనకండి, ఒడ్డున దొరికినా తేకండి. మా వదిన బ్యాగులోది ఎయిర్‌పోర్టులో తీయించేశారు, అంతటితో వదిలారు గానీ షెడ్యూల్ 1 (ఆ వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా, పగడం అందులోదే) కేసు రుజువైతే తక్కువలో తక్కువ మూడేళ్ళు జైలు.